మా ఊరి దుఃఖాన్ని స్కోర్‌బోర్డు మీద వెయ్యకండి

ఏటా అక్టోబర్ 27 దగ్గరపడేసరికి నాకు ఒళ్ళు మండుతుంది. బాధ కూడా ఉంటుంది, కానీ ముందు కోపమే వస్తుంది. అమెరికాలోని మా పిట్స్‌బర్గ్‌లో 2018లో యూదుల ప్రార్థనామందిరంలో జరిగిన కాల్పుల గురించి టీవీలో మళ్ళీ అదే కథ. ప్రార్థనామందిరం ముందు పూలు, కొవ్వొత్తులు, పోలీసులు కట్టిన పసుపు టేపు. అక్కడ కట్ చేస్తే ఐస్ రింకు, జెర్సీ మీద బ్యాడ్జీ కుట్టుకున్న మా ఊరి ఐస్ హాకీ టీమ్ పెంగ్విన్స్ ఆటగాళ్ళు, లేచి నిలబడ్డ జనం. హాకీయే ఈ ఊరిని మళ్ళీ నిలబెట్టిందని వెనక నుంచి ఒక గొంతు చెబుతుంది. పదకొండు చావులు, ఒక ఊరు, ఒక ఆట, అన్నీ మూడు నిమిషాల్లో సర్దేస్తారు.

నేను పుట్టింది తెనాలి దగ్గర. కానీ సగం జీవితం ఇక్కడే గడిచింది, పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు. మీదే ఊరని ఎవరైనా అడిగితే ఇప్పుడు నా నోటికి ముందు వచ్చేది పిట్స్‌బర్గే. ఉన్న ఊరు కన్నతల్లి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇక పెంగ్విన్స్ అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. హాకీ అంటే పడని మనిషి రాసిన పోస్టు అనుకుంటారేమోనని ఈ మాట ముందే చెబుతున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో సరిగ్గా చెప్పనివ్వండి, ఎందుకంటే టీవీలో అదే సరిగ్గా చెప్పరు.

2018 అక్టోబర్ 27, శనివారం పొద్దున. స్క్విరెల్ హిల్ పేటలో విల్కిన్స్, షేడీ వీధులు కలిసే మూల మీద ట్రీ ఆఫ్ లైఫ్ భవనం. అందులో ఉన్నది ఒకే సంఘం అన్నట్టు చెబుతారు గానీ అక్కడ మూడు యూదు సంఘాలు ప్రార్థన చేసుకునేవి: ట్రీ ఆఫ్ లైఫ్, న్యూ లైట్, డోర్ హదాష్. మూడు సంఘాల్లోనూ మనుషులు పోయారు. మొత్తం పదకొండు మంది. వాళ్ళలో అందరికన్నా చిన్న వయసు 54, అందరికన్నా పెద్దావిడకి 97. ఆరుగురు గాయపడ్డారు, అందులో నలుగురు పోలీసులు. శనివారం పొద్దున్నే టైముకి వచ్చి కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్ళే. మన గుళ్ళో సుప్రభాతం వేళకే వచ్చి తమకు అలవాటైన చోట కూర్చునే తాతలూ మామ్మలూ ఎలాంటివాళ్ళో, వీళ్ళూ అలాంటివాళ్ళు.

ఆ తుపాకీ పట్టినవాడు వీళ్ళని ఎందుకు చంపాడు? డోర్ హదాష్ వాళ్ళు శరణార్థులకి సాయం చేసే హయాస్ అనే యూదు సంస్థకి తోడుగా నిలిచేవారు. బయటివాళ్ళని ఆ సంస్థే దేశంలోకి తెస్తోందని వాడి కక్ష. తుపాకీ పట్టుకుని లోపలికి వెళ్ళే ముందు కూడా ఆ సంస్థ పేరెత్తి ఆన్‌లైన్‌లో రాశాడు. యూదులైనందుకు, వలస వచ్చినవాళ్ళకి తలుపు తీసినందుకు ఆ పదకొండు మందినీ చంపాడు. ఇక్కడికి వలస వచ్చి బతుకుతున్న మనం మర్చిపోకూడని విషయం ఇది. కానీ టీవీ కథలో ముందు ఎగిరిపోయేది ఇదే. వలసల మీద ద్వేషం గురించి మాట్లాడితే సగం మంది ఛానెల్ మారుస్తారని భయం. హాకీ చూపిస్తే ఎవరికీ కోపం రాదు.

ఆ సాయంత్రం ఒక తెలుగు ఛానెల్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. నంబరు ఎవరిచ్చారో తెలియదు. "మేడమ్, వాట్సాప్‌లో ఒక్క నిమిషం బైట్ పంపండి. చనిపోయినవాళ్ళలో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. లేరన్నాను. "అయితే తెలుగువాళ్ళంతా సేఫ్ అని చెప్పండి మేడమ్, చాలు" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. మా అమ్మ అడిగిందంటే అర్థం ఉంది, ఆవిడకి కూతురు ముఖ్యం. వార్తలు చెప్పేవాళ్ళకి మొదటి ప్రశ్నా చివరి ప్రశ్నా అదే అయితే ఇక వార్త ఎక్కడుంది? పోయినవాళ్ళు నా ఊరివాళ్ళు. మనవాళ్ళు ఎవరూ లేరని నా నోటితో ఎలా చెప్పించాలనుకున్నారు?

నిజానికి మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకి ఈ ఊరి దగ్గర ఒక జవాబుంది. కాస్త పాత పేపర్లు తిరగేస్తే దొరికేది. 2000 ఏప్రిల్ 28న ఇదే పిట్స్‌బర్గ్ శివార్లలో ఇంకొకడు తుపాకీ తీసుకుని బయల్దేరాడు. మౌంట్ లెబనాన్‌లో పక్కింటి యూదు మహిళని చంపాడు. రెండు యూదు ప్రార్థనామందిరాల మీద కాల్పులు జరిపాడు. స్కాట్ టౌన్‌షిప్‌లో మన ఇండియన్ కిరాణా కొట్లోకి వెళ్ళి ఇద్దరిని కాల్చాడు. ఒకాయన అక్కడే పోయారు. రెండో ఆయన ఒళ్ళు చచ్చుబడి, కొన్నేళ్ళు అలాగే బతికి, 2007లో కన్నుమూశారు. అక్కడి నుంచి వాడు చైనీస్ రెస్టారెంట్‌కి వెళ్ళి ఇద్దరిని, ఆ తర్వాత ఒక కరాటే స్కూల్లో నల్లజాతి యువకుణ్ణి చంపాడు. యూదుల మందిరం, మన కిరాణా కొట్టు ఒకే రోజు ఒకే తుపాకీకి గురయ్యాయి. పద్దెనిమిదేళ్ళ తర్వాత దేశం నలుమూలల నుంచి కెమెరాలు వచ్చి స్క్విరెల్ హిల్‌లో నిలబడ్డప్పుడు, ఈ సంగతి గుర్తు చేసిన రిపోర్టు నేను చూసినవాటిలో ఒక్కటీ లేదు. పిల్లల టీవీ కార్యక్రమాల ఫ్రెడ్ రోజర్స్ ఈ పేటలోనే ఉండేవాడని మాత్రం అందరూ చెప్పారు. నిజమే, ఉండేవాడు. మంచి మనిషి. ఆయన 2003లో పోయారు. బతికున్న పేటని వదిలేసి ఆయన జ్ఞాపకం చుట్టూ తిరిగారు.

ఇప్పుడు హాకీ సంగతి.

అక్టోబర్ 30, మంగళవారం. అంత్యక్రియలు మొదలైంది ఆ రోజే. అమెరికా అధ్యక్షుడు ఊళ్ళోకి వచ్చింది ఆ రోజే, ఆయన రాకకి నిరసనగా వేలమంది స్క్విరెల్ హిల్ వీధుల్లో నడిచింది కూడా ఆ రోజే. అదే సాయంత్రం న్యూయార్క్ ఐలాండర్స్‌తో పెంగ్విన్స్ మ్యాచ్. ఆటగాళ్ళు 'స్ట్రాంగర్ దేన్ హేట్' (ద్వేషం కన్నా బలమైనవాళ్ళం) అన్న బ్యాడ్జీ ఉన్న జెర్సీలు వేసుకున్నారు. పదకొండు సెకన్లు మౌనం పాటించారు. బాధితుల కోసం, గాయపడ్డ పోలీసుల కోసం డబ్బు పోగుచేశారు. నేను ఆ రాత్రి ఆరీనాలోనే ఉన్నాను. ఆ పదకొండు సెకన్లలో అంత పెద్ద హాల్లో దగ్గు కూడా వినిపించలేదు. పక్క సీటులో నాకేమీ కాని ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, మౌనం అయిపోయాక కూడా వదల్లేదు. తర్వాత ఆట మొదలైంది, మేం ఓడిపోయాం, ఇంటికి వెళ్ళాం. మర్నాడు మళ్ళీ అంత్యక్రియలు.

క్లబ్బు చేసింది సరైన పని. ఆ బ్యాడ్జీ వేసుకోకపోయి ఉంటే నేనే ముందు తిట్టేదాన్ని. స్టీలర్స్ ఫుట్‌బాల్ టీమ్ గుర్తులో ఒక నక్షత్రం స్థానంలో దావీదు నక్షత్రం పెట్టి ఎవరో గీసిన బొమ్మని ఊరంతా కిటికీలకి అంటించుకుంది. అదీ సరైనదే. ఊరు తనకొచ్చిన భాషలో తన బాధ చెప్పుకుంది. నా తగువు ఆ బ్యాడ్జీని తీసుకెళ్ళి దాన్నే మొత్తం కథ చేసినవాళ్ళతో. ఆటకి ఒక కథ ఉంటుంది: వెనకబడటం, పుంజుకోవడం, గెలవడం. ఆ అచ్చులోనే చావుల్నీ పోశారు. పుంజుకోవడం అంటే ఏమిటి? 97 ఏళ్ళ తల్లిని ప్రార్థన చేసుకుంటున్న చోట పోగొట్టుకున్న ఇంట్లో పుంజుకోవడం ఎలా ఉంటుంది? పైగా ఆ రాత్రి మేం గెలవలేదు కూడా.

ఇంకో రకం వాళ్ళున్నారు. శవాలు లేస్తున్న రోజున మ్యాచ్‌కి ఎలా వెళ్ళారని అడిగినవాళ్ళు. ఈ ఊరి గురించి ముక్క తెలియకుండా, దూరంగా కూర్చుని తీర్పు చెప్పడం సులువు. ఆ శనివారం రాత్రే స్క్విరెల్ హిల్‌లో ముర్రే, ఫోర్బ్స్ వీధుల కూడలిలో హైస్కూల్ పిల్లలు పిలిస్తే జనం వచ్చి కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఆదివారం సోల్జర్స్ అండ్ సెయిలర్స్ హాలు నిండిపోయి, పట్టనివాళ్ళు బయట వానలో నిలబడ్డారు. ముస్లిం సంస్థలు చందా పిలుపునిస్తే రెండు లక్షల డాలర్లకి పైగా పోగైంది. ఇవన్నీ చేసినవాళ్ళే మంగళవారం ఆరీనాకి వచ్చారు. ఒంటరిగా ఇంట్లో ఉండలేక వచ్చారు. అందులో తప్పేముంది?

ఈ ఊరికి హాకీ మీద ఉన్న ప్రేమ కూడా వాళ్ళకి అర్థం కాలేదు. స్టీల్ కార్మికుల ఊరు, మొరటు మనుషులు, మొరటు ఆట అని ఒక్క మాటలో తేల్చేస్తారు. 1950లో ఈ నగర జనాభా 6 లక్షల 76 వేలు. ఇప్పుడు 3 లక్షలు. ఎనభైల్లో స్టీల్ ఫ్యాక్టరీలు మూతపడ్డాక పొట్ట చేతపట్టుకుని జనం దేశం మీద పడ్డారు. పోతూ పోతూ టీముల్ని వెంట తీసుకెళ్ళారు. ఇక్కడ ఫుట్‌బాల్, బేస్‌బాల్, హాకీ మూడు టీములకీ ఒకటే రంగులు, నలుపూ బంగారు పసుపూ. ఊరు వదిలినవాళ్ళకి ఆ రంగులే ఊరు. వలస వచ్చిన నాకు ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పెన్ హిల్స్‌లో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి 1976 నుంచి ఎందుకుందో తెలిసినవాళ్ళకి ఇది తెలియకుండా ఎలా ఉంటుంది?

ఈ టీమ్ కూడా తక్కువ కష్టాలు పడలేదు. 1991లో హాకీ లీగ్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్‌ని మొదటిసారి గెలిపించిన కోచ్ బాబ్ జాన్సన్ అదే ఏడాది నవంబర్‌లో మెదడు క్యాన్సర్‌తో పోయారు. 1993 జనవరిలో మా స్టార్ ఆటగాడు మారియో లెమ్యూకి హాడ్జ్‌కిన్స్ అనే క్యాన్సర్ అని తేలింది. మార్చి 2న చివరి రేడియేషన్ చేయించుకుని, అదే రాత్రి ఫిలడెల్ఫియాలో మ్యాచ్ ఆడి గోల్ కొట్టాడు. మేమంటే అస్సలు పడని ఫిలడెల్ఫియా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1998లో క్లబ్ దివాలా తీస్తే, తనకి రావాల్సిన బాకీని వాటాగా మార్చుకుని క్లబ్‌ని నిలబెట్టింది కూడా ఆయనే. ఇదంతా ఆట కథ. ఇందులో పుంజుకోవడం అనే మాట వాడండి, ఎన్నిసార్లైనా వాడండి. ట్రీ ఆఫ్ లైఫ్ మీదకి మాత్రం దాన్ని లాగకండి.

ఊరి మీద ప్రేమ ఉంది కదా అని ఊరు చేసిన తప్పులు దాచను. ఆరీనా పైనుంచి డ్రోన్‌తో తీసిన అందమైన దృశ్యాలు చూపిస్తారే, ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు లోయర్ హిల్ అనే నల్లజాతివాళ్ళ పేట. 1961లో తెరిచిన పాత సివిక్ ఆరీనా కోసం, దాని చుట్టూ చేసిన అభివృద్ధి పేరుతో, దాదాపు ఎనిమిది వేలమందిని అక్కడి నుంచి లేపేశారు. వాళ్ళ ఇళ్ళూ కొట్లూ చర్చిలూ పోయాయి. పెంగ్విన్స్ 1967 నుంచి 2010 దాకా ఆడింది ఆ ఆరీనాలోనే. నేను ప్రాణం పెట్టే ఆటకి వేదిక అలా వచ్చింది. పక్కనే ఉన్న విల్కిన్స్‌బర్గ్‌లో 2016 మార్చిలో పెరట్లో వంట చేసుకుంటున్న కుటుంబం మీద కాల్పులు జరిగి ఐదుగురు పెద్దవాళ్ళు, కడుపులో ఉన్న బిడ్డ పోయారు. అందరూ నల్లజాతివాళ్ళే. వాళ్ళ పేరున ఏటా ఏ టీవీ ప్రత్యేక కార్యక్రమం వేస్తోంది? ఊరు మొత్తం ఒక్కటిగా ఏడ్చిందని చెప్పేవాళ్ళు ఇది కూడా చెప్పాలి. చెబితే ఆ ముచ్చటైన మూడు నిమిషాల కథ నిలవదు, అందుకే చెప్పరు.

పనిచేసినవాళ్ళు లేకపోలేదు. మా ఊరి పేపర్ పోస్ట్-గెజెట్ 2018 నవంబర్ 2న మొదటి పేజీ హెడ్‌లైన్‌గా యూదులు పోయినవాళ్ళ కోసం చదివే ఖద్దీష్ ప్రార్థన మొదటి మాటల్ని వాళ్ళ లిపిలోనే వేసింది. కింద వివరణ పెట్టలేదు. చదవగలిగినవాళ్ళకి అది తగిలింది. చదవలేనివాళ్ళు పక్కింటివాళ్ళని అడిగి తెలుసుకున్నారు. ఆ కవరేజీకి 2019లో పులిట్జర్ వచ్చింది. అదే పేపర్ న్యూస్‌రూమ్ ఉద్యోగులు 2022 అక్టోబర్‌లో సమ్మెకి దిగాల్సొచ్చింది. మన బాధని సరిగ్గా రాసినవాళ్ళకి జీతం, ఇన్సూరెన్స్ కోసం రోడ్డెక్కాల్సిన గతి పట్టింది. ఈ అన్యాయం మీద ఏ జాతీయ ఛానెల్ ప్రత్యేక కార్యక్రమమూ నా కంటపడలేదు.

2023లో హంతకుడి విచారణ జరిగింది. జూన్‌లో 63 అభియోగాలూ రుజువయ్యాయి, ఆగస్టు 2న మరణశిక్ష ఖరారైంది. పెద్ద ఛానెళ్ళ వ్యాన్లు తీర్పు రోజుల్లో వచ్చి వెళ్ళిపోయాయి. పిట్స్‌బర్గ్ జ్యూయిష్ క్రానికల్ వాళ్ళు, సమ్మెలో ఉన్న జర్నలిస్టులు సొంతంగా నడిపిన యూనియన్ ప్రోగ్రెస్ వాళ్ళు మాత్రం చేతులు కలిపి ఆ కేసుని నెలల తరబడి రాశారు. సాక్షులు చెప్పింది, కుటుంబాలు చెప్పింది, కోర్టులో వాదనలు ఎలా సాగాయన్నది, అన్నీ ఓపిగ్గా రాశారు.

కాబట్టి ఈ అక్టోబర్‌లో నన్ను బైట్ అడగాలనుకుంటున్న ఛానెళ్ళకీ, యూట్యూబ్ వాళ్ళకీ ముందే చెబుతున్నాను: ఇవ్వను. ముందు క్రానికల్, యూనియన్ ప్రోగ్రెస్ రెండు పత్రికలూ రాసినవి చదవండి. హంతకుడి ఫొటో వెయ్యకండి. 2000లో మన కిరాణా కొట్లో ఏం జరిగిందో తెలుసుకుని, ఆ రెండు ఘటనల్నీ కలిపి ఒక కార్యక్రమం చెయ్యండి. చేస్తామంటే నా సాయంత్రాలన్నీ మీకే ఇస్తాను, ఊరంతా తిప్పి చూపిస్తాను. పెంగ్విన్స్ గురించి మాట్లాడాలంటే మ్యాచ్ ఉన్న రోజు రండి.