కరెంటు పోతే కాదు, వచ్చేటప్పుడు జాగ్రత్త

గాలి గట్టిగా వీచిందంటే చాలు, మా ఆమదాలవలస వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ మళ్ళీ లేచి కూర్చుంటుంది. "చార్జింగులో ఉండగా కరెంటు పోతే లాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోతుంది. హార్డ్‌డిస్కు గీసుకుపోతుంది. బ్యాటరీ తీసేసి వాడండి. స్టెబిలైజరు తప్పనిసరి." మొన్న మా బావగారు కూడా పంపారు, కింద మూడు దండాలు పెట్టి మరీ.

మదర్‌బోర్డు సంగతి ముందు. కాలాలంటే కరెంటు ఎక్కువ రావాలి గాని, ఆగిపోతే ఏం కాలుతుంది? గోడ ప్లగ్గులోని 230 వోల్టులు లాప్‌టాప్ గడప తొక్కవు. అడాప్టరు వాటిని సుమారు 20 వోల్టుల డీసీగా మార్చి పంపుతుంది. అది ఆగగానే బ్యాటరీ అందుకుంటుంది. స్క్రీను కాస్త మసకబారొచ్చు, అంతే. డెస్క్‌టాప్ వాళ్ళు విడిగా కొనుక్కునే యూపీఎస్ లాప్‌టాప్‌కి పుట్టుకతోనే ఉంది.

మరి ఆ బ్యాటరీనే పీకేయమంటారేం? ఈ మెసేజీలో అసలు చేటు చేసే మాట ఇదే. బ్యాటరీ లేకుండా వాడితే కరెంటు పోయిన క్షణమే సేవ్ చెయ్యని పనంతా గంగపాలు. ఎప్పుడూ నూటికి నూరు చార్జింగుతో, వేడిలో ఉంచితే బ్యాటరీ ఆయుష్షు తగ్గే మాట నిజమే. అందుకు 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు చాలా లాప్‌టాప్‌లలో ఉంది.

హార్డ్‌డిస్కు భయం మాత్రం గాలిలోంచి పుట్టింది కాదు. విండోస్‌కి ముందటి డాస్ రోజుల్లో కొన్ని డిస్కులకు, మిషను ఆపే ముందు కమాండు కొట్టి, డిస్కు మీద చదివే, రాసే హెడ్డును పక్కకు జరపాల్సి వచ్చేది. తర్వాత వచ్చిన డిస్కులు కరెంటు పోయినా, ఇంకా తిరుగుతున్న పళ్ళెం నుంచే కాస్త కరెంటు పుట్టించుకుని హెడ్డును క్షేమంగా పక్కకు చేరుస్తాయి. ఎస్‌ఎస్‌డీలో (చిప్పుల్లో దాచుకునే కొత్తరకం డిస్కులో) అసలు హెడ్డే లేదు. అయితే బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్‌లో, ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ళు పాడవచ్చు. అరుదుగా ఎస్‌ఎస్‌డీ మొత్తమే మొరాయించొచ్చు. మిషన్ని లేపే ప్రోగ్రాము బయాస్ అప్‌డేట్ మధ్యలో పోతే మిషను లేవకపోవచ్చు కూడా. అంతవరకు ఒప్పుకుంటాను.

స్టెబిలైజరు? మీ అడాప్టరు వెనక్కి తిప్పి చూడండి, ఇన్‌పుట్ 100–240 వోల్టులని ఉంటుంది. సాయంత్రం లో వోల్టేజీకి ఫ్యాను ఈడుస్తుందేమో గాని, అడాప్టరుకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఈ మెసేజీ చెప్పనిది ఒకటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. చీకటి ఏ లాప్‌టాప్‌నీ కాల్చదు. తెగిన లైన్లు మళ్ళీ కలిపేటప్పుడే ప్రమాదం. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) ఊడితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. పిడుగు సంగతి సరేసరి. అందుకే గాలివానలో కరెంటు పోగానే ప్లగ్గు తీసెయ్యండి, వచ్చాక ఓ పది నిమిషాలు ఆగి పెట్టండి.

ఒకసారి మా వీధిలో న్యూట్రల్ పోయి, బల్బులు భగ్గున వెలిగి మాడిపోయాయి. టీవీ పోయింది. అడాప్టరు టప్పుమని కంపు కొట్టింది. కొత్త అడాప్టరు పెట్టాక లేచిన ఆ లాప్‌టాప్ మీదే ఇది రాస్తున్నాను.