సవరణ: చందమామ తొలి పైపొర నల్లది కాదు

చంద్రుడి మీద కనిపించే నల్లమచ్చలే అక్కడ మొదట గట్టిపడిన నేల అనీ, తెల్లటి ఎత్తు ప్రాంతాలు తర్వాత వచ్చాయనీ మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. వరస తారుమారైంది.

పుట్టిన కొత్తలో చంద్రుడి పైభాగమంతా కరిగిన శిలాద్రవమే. అది చల్లారుతుంటే ఇనుము, మెగ్నీషియం ఉన్న బరువైన ఖనిజాలు అడుగుకు దిగాయి. ప్లేజియోక్లేజ్ అనే తేలికైన ఖనిజపు స్ఫటికాలు పాల మీద మీగడలా తేలి గట్టిపడ్డాయి. ఆ తెల్లరాయే అనోర్థోసైట్. వయసు దాదాపు 440 కోట్ల ఏళ్లు. నల్లమచ్చలు ఆ తర్వాతివి. పెద్ద పెద్ద గ్రహశకలాలు గుద్దిన చోట ఏర్పడిన పల్లాల్లోకి లోపలి నుంచి లావా ఉబికి, బసాల్టు అనే నల్లరాయిగా మారింది. చాలావాటి వయసు 310 నుంచి 390 కోట్ల ఏళ్లు.

ఇందుకు ఆధారం అపోలో యాత్రలు తెచ్చిన రాళ్లే. 1969లో అపోలో 11 దిగింది నల్లటి మైదానంలోనే అయినా, తెచ్చిన మట్టిలో చిన్న చిన్న తెల్ల పలుకులు దొరికాయి. దూరపు ఎత్తు ప్రాంతాల నుంచి ఎగిరొచ్చి పడ్డవి అవి. శిలాద్రవ సముద్రం అనే ఆలోచన వాటి నుంచే పుట్టింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. 2023లో మన ప్రజ్ఞాన్ రోవర్ దక్షిణ ధ్రువం వైపు కొలిచిన మట్టి కూర్పు కూడా దీనికి సరిపోయింది.

పాత పోస్టులో ఆ పేరా మార్చాను. బొమ్మ మాత్రం సరైనదే.