గోడెక్కిన రైలు

మా బావమరిది ఈమధ్య చరిత్రలో పడ్డాడు. పైకి లాగేవాళ్లు ఎవరూ లేరు. కొండాపూర్‌లో పంతొమ్మిదో అంతస్తులో ఫ్లాటు కొని గృహప్రవేశానికి పిలిచాడు. పాలు పొంగాయో లేదో చూడనివ్వకుండా నన్ను హాల్లో గోడ ముందు నిలబెట్టాడు. టేకు ఫ్రేములో, పైన చిన్న పసుపు లైటుతో, నిజాం కాలం నాటి హైదరాబాద్ రైల్వే పటం. దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామికి మాత్రం ట్యూబులైటే.

"యాంటిక్ బావా. 18 వేలు" అన్నాడు గొంతు తగ్గించి, పక్కింటివాళ్లు ఎత్తుకుపోతారన్నట్టు.

ఇలాంటి పటం లేని కాఫీ షాపు, బిల్డర్ ఆఫీసు ఈ ఊళ్లో మిగిలాయా? అంచులు కొవ్వొత్తితో కాల్చిన గోధుమరంగు కాగితం. మల్కాజిగిరి మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. అదే మరక, అదే మల్కాజిగిరి మీద, నిరుడు మా పళ్ల డాక్టరు గోడ మీదా చూశాను. నిజాంగారి సర్వేయరు ఎన్ని పటాలు గీసినా గ్లాసు మాత్రం అక్కడే పెట్టేవాడన్నమాట. నిష్ఠ అంటే అది! హుస్సేన్ సాగర్‌లో మూడు తెరచాపల ఓడ. ఎక్కడి నుంచి వస్తోందో, ట్యాంక్‌బండ్ కింద నుంచి ఎలా దూరిందో ఆ సర్వేయరుకే తెలియాలి. అడుగున '1884'. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. గుమ్మటాలతో సహా కాచిగూడ స్టేషన్ బొమ్మ!

"ఒరేయ్, ఆ భవనం కట్టింది 1916లో కదరా."

"ముందుచూపు బావా."

నోరు మూసుకున్నాను. గృహప్రవేశం కదా, పైగా పులిహోర ఇంకా తినలేదు.

పటం నెత్తిన పెద్ద అక్షరాల్లో 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అని ఉంది. గ్యారంటీ అంటే ప్రయాణికుడికి సీటు గ్యారంటీ అనుకునేరు. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో లైను వచ్చింది. తర్వాత దాన్ని నడపడానికి లండన్‌లో కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ వాటాదారులకు వడ్డీ గ్యారంటీ. బండి నిండినా నిండకపోయినా దొరగారి వడ్డీ దొరగారికి ముట్టాలి, తగ్గితే ఖజానా పూడ్చాలి. 1883లో చాందా (ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్) రైల్వే పథకం మీద గొడవ లేచింది. దాన్ని వ్యతిరేకించినవాళ్లలో అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఒకరు. సరోజినీ నాయుడి తండ్రి, ఈ ఊళ్లో కాలేజీ నడిపిన పెద్దమనిషి. ఆయన్ని రాజ్యం నుంచే వెళ్లగొట్టారు. ఈ సంగతి ఏ ఫ్రేములోనైనా కట్టారా? ఆ వడ్డీకి పన్ను కట్టిన రైతేడి, ఎండలో కంకర మోసిన కూలీ ఏడి? వాళ్లెవరూ హాలు కర్టెన్లకు మ్యాచ్ కారు. మనకు టీ మరక చాలు, ఓడ చాలు.

అప్పుడొచ్చింది వంటామె, చెమటలు కక్కుతూ. ఊరికి అవతలి చివర ఇల్లు. లోకల్ బండి రద్దయిందట, మూడు ఆటోలు మారిందట. "ఈ ఒక్కరోజైనా టైముకి రాకపోతే ఎలా?" అన్నాడు మావాడు సరిగ్గా ఆ పటం కిందే నిలబడి. రెండు కార్లున్నాయి వాడికి. రైలెక్కి ఎన్నేళ్లయిందో వాడికే గుర్తులేదు. 1932లో ఆ నిజాం రైల్వేయే 27 బస్సులు కొని నడిపింది, మన ఆర్టీసీ పుట్టింది అందులోంచే. ఇప్పుడు ఊరు నాలుగు దిక్కులా ఉబ్బిపోయాక, పొద్దున్నే మన అంట్లు తోమడానికి, మన పిల్లల్ని ఎత్తుకోవడానికి వచ్చేవాళ్లు ఎలా చస్తే మనకేం? బండి రాలేదని ఒక్కడు కలెక్టరుకి కాగితం రాయడు. బండి బొమ్మకి మాత్రం 18 వేలు! సిగ్గుండాలి.

ఈ మాటలు పైకే అన్నానేమో, మా ఆవిడ మోచేత్తో పొడిచింది. పులిహోర వచ్చింది. ఉప్పు తగ్గింది, వంటామెని అనడానికి నాకు నోరు రాలేదు.

చేతులు కడుక్కుంటుంటే మావాడు మళ్లీ చేరాడు.

"బావా, సికింద్రాబాద్ స్టేషన్ ముందు కమానులు 2025లో కూల్చారు కదా. నీకెవరైనా తెలుసా అక్కడ? ఇటుక ఒక్కటి దొరికితే చాలు. లైటు పెట్టిస్తా."