తెలుగు పేరుకి మెమరీలో 80 బైట్లా?

కోటి పేర్లు మెమరీలో పెట్టాలంటే మనోళ్ళు చేసేది ఒకటే, పేరుకో స్ట్రింగ్ ఆబ్జెక్ట్ (టెక్స్ట్ దాచుకునే డబ్బా) కట్టి లిస్టులో పడేయడం. చిన్న చిన్న పేర్లకి ఇది దండగ, తెలుగు డేటాకైతే మరీ దండగ.

జీసీసీ అనే కంపైలర్‌తో వచ్చే సీ++ భాష స్ట్రింగే తీసుకోండి. 64 బిట్ మెషిన్లో ఖాళీగా ఉన్నా 32 బైట్లు, టెక్స్ట్ 15 బైట్ల లోపుంటే అందులోనే సర్దుకుంటుంది, దాటితే హీప్‌లో, అంటే ప్రోగ్రామ్ అడిగినప్పుడల్లా ఇచ్చే మెమరీలో, విడిగా చోటు కావాలి. ఇంగ్లీషులో హైదరాబాద్ అంటే 9 బైట్లు, హాయిగా లోపలే పడుతుంది. అదే తెలుగులో రాస్తే హల్లులు, గుణింతం గుర్తులు, చివర పొల్లు కలిపి 9 కోడ్‌లు (ఒక్కో గుర్తుకో నంబర్), వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 27, ఇంక హీప్‌కి పోవాల్సిందే, లైనక్స్‌లో మామూలుగా అక్కడ ఇంకో 48 పోతాయి. వెరసి 80. కడప ఇముడుతుంది గానీ గుంటూరు ఇమడదు.

తెలంగాణలో ఉన్నదే 33 జిల్లాలు, పేర్లు ఒక్కసారి టేబుల్లో రాసి రికార్డులో నంబర్ పెడితే 1 బైట్ చాలు. హైదరాబాద్ రికార్డులే కోటి ఉంటే 800 ఎంబీ కాస్తా 10 ఎంబీ అవుతుంది. రిపీట్ కాని పేర్లని ఒకే పెద్ద బఫర్‌లో (ఒకే మెమరీ ముక్కలో) వరసగా పేర్చి, ఏది ఎక్కడ మొదలైందో 4 బైట్ల నంబర్ పెట్టుకోవచ్చు, అపాచీ యారో అనే డేటా లైబ్రరీ చేసేదిదే.

ర్యామ్ చీపే కదా అంటారు. సర్వర్‌లో కొనుక్కోవచ్చు, జనం చేతిలో ఉన్న 3 జీబీ ఫోన్లో ఎవరు కొనిస్తారు? పైగా హీప్‌లో చెల్లాచెదురైన పేర్ల కోసం ప్రాసెసర్ వెతుక్కుంటూ ఆగిపోతుంటే ఎక్స్‌ట్రా ర్యామ్ పెట్టినా స్పీడ్ రాదు.

అసలు నాకు నచ్చే విషయం ఇది, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకిచ్చిన బ్లాక్ సరిగ్గా 128 గళ్ళు, అంటే 7 బిట్లు, ఇంగ్లీషుకీ 128 చాలు, కలిపితే 256, అంటే ఒక బైట్‌లో ఇంగ్లీషూ తెలుగూ రెండూ పడతాయి! మన దేశ భాషల కోసం చేసిన 1991 నాటి ఇస్కీ స్టాండర్డ్ అక్షరానికి బైటే వాడింది. లోపల ఇలా దాచుకుని బయటికి ఇచ్చేటప్పుడు యూటీఎఫ్-8 చేసిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ జావా భాష 9వ వెర్షన్‌లో 2017లో తెచ్చిన కాంపాక్ట్ స్ట్రింగ్స్ చూడండి, లాటిన్ అక్షరాలకి సగం మెమరీ మిగిల్చింది, తెలుగు అక్షరం ఒక్కటి కలిసినా మొత్తం స్ట్రింగ్‌కి పాత 2 బైట్ల లెక్కే.

ఎస్సెమ్మెస్‌లోనూ ఇంతే, ఇంగ్లీషుకి 160 అక్షరాలు, తెలుగుకి 70, జనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం అలవాటు చేసుకున్నారంటే అందులో దీని వాటా కూడా ఉంది. తెలుగు యాప్‌లు కట్టేవాళ్ళు కూడా ఇంగ్లీషు పదాలతోనే టెస్ట్ చేసుకుంటే ఈ ఖర్చు కంటికే కనపడదు, ముందు మన ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు లోడ్ చేసి మెమరీ ఎంత తింటుందో కొలవండి.