ఆరు వారాల శిక్ష, అయిదో రోజే బెయిలు

పొట్టికాళ్ల డాక్షండ్ కుక్కకి నడుములో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జారిందని తేలితే, ఆపరేషన్ అక్కర్లేని కేసుల్లో పశువుల డాక్టరు వేసే శిక్ష నాలుగు నుంచి ఆరు వారాల కేజ్ రెస్ట్, అంటే బోనులో కదలకుండా విశ్రాంతి. ఇంత చిన్న ప్రాణికి ఇంత కఠిన కారాగారమా అని ఇంటిల్లిపాదీ మండిపడటం న్యాయమే. నేరం దానిది కాదు కదా. పొట్టికాళ్లిచ్చిన జన్యువే డిస్కుల్నీ చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. మెత్తటి గుజ్జు ఉండాల్సిన చోట సున్నపు ముద్ద తయారై, సోఫా మీంచి ఒక్క గెంతుతో పై పొర చీల్చుకుని వెన్నుపాము మీద పడుతుంది. షిట్జూ, పెకినీస్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లు సహముద్దాయిలు.

అసలు విచారణ అయిదో రోజున మొదలవుతుంది. మందులకి వాపు తగ్గి కుక్క తోకాడిస్తుంది. "బాగైపోయింది పాపం, వదిలేయండి" అని నాయనమ్మగారి బెయిలు పిటిషన్. సాక్ష్యం: తోక. చీలిన పొర అతుక్కోవడానికి వారాలు పడుతుందని తోకకేం తెలుసు? అంతవరకూ కుక్కని కదలనివ్వకుండా కాపలా కాసింది నొప్పే. ఆ కాపలాదారు సెలవు పెట్టాక మిగిలేది కేజ్ గడియ ఒక్కటే.

జైలు కొలతలకీ చట్టముంది. నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. గెంతడానికి మాత్రం చోటు ఉండకూడదు. పెరోల్ రోజుకి నాలుగైదు సార్లు, ఒకటికీ రెంటికీ మాత్రమే, అయిదేసి నిమిషాలు. మెడకి కాలరు వద్దు, ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వెయ్యాలి. వెనక కాళ్లు తూలితే పొట్ట కింద తువ్వాలు దూర్చి పట్టుకోవాలి. అద్దంలా మెరిసే టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు పరవాలి. ఎత్తుకోవాలంటే ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద, నడుము నేలకి సమాంతరంగా. చంకల్లో చేతులేసి వేలాడదీసి "నా బంగారు కొండ" అనేవాళ్లకి ములాఖత్ రద్దు.

ఇక ప్రభుత్వ సాక్షులు. వేడి నూనెతో నడుము రుద్దుదామని ఒకరు. తన మోకాళ్లకి పనిచేసిన డైక్లోఫెనాక్‌లో సగం ముక్క చాలని మరొకరు. ఆ సగం ముక్క కుక్క కడుపుని పుండు చేసి కిడ్నీల్ని దెబ్బతీయగలదు. డాక్టరు స్టెరాయిడ్ ఇస్తుంటే దానికి తోడు డైక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్ర ఏదైనా ప్రమాదమే, పేగుకి చిల్లు పడొచ్చు. బిస్కెట్ లంచాలూ వద్దు: కదలిక లేనప్పుడు తిండి తగ్గాలి, పెరిగే ప్రతి వంద గ్రాములూ ఆ నడుమే మొయ్యాలి.

ఒక్క విషయంలో హాస్యం పనికిరాదు. పక్క తడుస్తోంది కాబట్టి మూత్రం వస్తోందని ఊరుకోకూడదు. నిండిన సంచి పొర్లినా చుక్కలు చుక్కలుగా అలాగే కారుతుంది. అప్పుడు డాక్టరు చేయించి చూపిన పద్ధతిలో రోజుకి మూడు నాలుగుసార్లు చేత్తో నొక్కి ఖాళీ చెయ్యాలి. వెనక కాలి వేలు గట్టిగా నొక్కితే కాలు లాక్కోవడం వట్టి రిఫ్లెక్స్, నొప్పి తెలిసిందనడానికి సాక్ష్యం కాదు. కుక్క తల తిప్పి చూడాలి, లేదా అరవాలి. రెండూ లేకపోతే వాయిదా ఉండదు. ఎమ్మారై, సర్జన్, ఆ రోజే. తెల్లారాక చూద్దామనుకుంటే కాళ్లు తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

విడుదల కూడా విడతలవారీగానే: మొదట లీష్ మీద అయిదు నిమిషాల నడక, వారం వారం కాస్త పెంపు. సోఫా మీద నిషేధం యావజ్జీవం. ర్యాంపు కొన్నాం కదా అని అప్పీలుకి వచ్చేవాళ్లున్నారు. ర్యాంపు పక్కన ఖాళీ ఉంటే కుక్క ఆ ఖాళీలోంచే దూకుతుంది; అటూ ఇటూ కుర్చీలు అడ్డం పెట్టి రండి, అప్పుడు వింటాం.