సవరణ: ముక్కోణపు జాలకంలో స్పిన్ ద్రవం

కొన్ని పదార్థాల్లో పరమాణువులు స్పిన్ అనే క్వాంటం గుణం వల్ల అతిచిన్న అయస్కాంతాల్లా ఉంటాయి. ఎంత చల్లబరిచినా క్వాంటం ప్రభావాల వల్లే ఆ స్పిన్‌లు స్థిరమైన దిశల్లో కుదురుకోని స్థితి స్పిన్ ద్రవం. ముక్కోణపు జాలకంలోని (త్రిభుజాలు పక్కపక్కనే పేర్చిన అమరిక) స్పిన్-1/2 (అతి చిన్న స్పిన్) అయస్కాంతాలు పరమశూన్యం దగ్గర కూడా క్రమంలోకి రావని ముందటి పోస్టులో రాశాను. అది తప్పు. 1973లో భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ ఊహ అదే. కానీ పక్కపక్క స్పిన్‌లే ప్రభావం చూపుకుని, ఎదురు దిశల్లో నిలవజూసే హైసెన్‌బర్గ్ నమూనాలో (స్పిన్‌ల పరస్పర ప్రభావాన్ని లెక్కించే గణిత నమూనా) అవి ఒకదానికొకటి 120 డిగ్రీల కోణంలో సర్దుకుంటాయని తర్వాతి లెక్కలు తేల్చాయి. క్రమం బలహీనమే, అయినా ఉంది.

నేను చెప్పాల్సింది కగోమే జాలకం గురించి. అక్కడ త్రిభుజాలు మూలల దగ్గరే కలుస్తాయి, ఒక్కో స్పిన్‌కు పొరుగువి ఆరు కాదు, నాలుగే. ఆ జాలకం ఉన్న రాగి-జింక్ ఖనిజం హెర్బర్ట్‌స్మితైట్‌ను 0.05 కెల్విన్ దాకా చల్లబరిచినా క్రమం కనబడలేదు.

‘క్రమం లేదంటే స్పిన్ ద్రవమే’ అన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఖనిజంలో జింక్ ఉండాల్సిన చోట్ల కొన్ని రాగి అయాన్లు చేరతాయి. అలాంటి లోపాలూ క్రమాన్ని చెదరగొట్టగలవు.