ఖాతా ఒకటి, పేర్లు రెండు

(రాత్రి ఎనిమిదిన్నర. భోజనాల బల్ల మీద ఒకవైపు లాప్‌టాప్, మరొకవైపు చిక్కుడుకాయలు. 34 ఏళ్ళు బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి రిటైరైన ఆయన ఈనెలు తీస్తున్నారు. ఊళ్ళోని కళాశాలలో జావా అనే కంప్యూటరు భాష నేర్పే సాయంత్రపు తరగతిలో చేరిన ఆవిడ హోంవర్కు చేస్తున్నారు.)

ఆయన: గంట నుంచి ఆ తెరను చూసి పళ్ళు నూరుతున్నావు. నా మీద కోపమైతే నాతోనే చెప్పవచ్చు కదా!

ఆవిడ: మీ మీద కోపం తెచ్చుకునే తీరిక కూడా నాకు లేదండీ. పన్నెండో వరుసలో ఫ్లవర్ బ్రాకెట్టు ఒకటి మూయడం మరిచిపోయాను, ఇదేమో ఫైలు చిట్టచివరి వరుసలో తప్పుందని చూపించి నా ప్రాణం తీసింది.

ఆయన: అది మీ అమ్మగారి పద్ధతి. వంటింట్లో పాలు పొంగితే, వీధరుగు మీద పేపరు చదువుకుంటున్న నన్ను అనేవారు.

ఆవిడ: మా అమ్మను ఇందులోకి లాగకండి. బ్యాంకు ఖాతాకు ఒక క్లాసు రాసి తీసుకురమ్మన్నారు. క్లాసన్నది నమూనా మాత్రమే. దాన్ని బట్టి 'న్యూ' అని రాసినప్పుడల్లా ఒక్కొక్క ఆబ్జెక్టు తయారవుతుంది.

ఆయన: ఖాతా తెరిచే ఫారాలు మా బ్రాంచికి కట్టలు కట్టలుగా అచ్చయి వచ్చేవి. ఆ కట్టలో ఎవరి డబ్బూ ఉండదు, ఎవరో ఒకరు ఫారం నింపి మొదటి సొమ్ము కట్టినప్పుడే అది ఖాతా అవుతుంది. ఈ మాత్రానికి ఫీజు కట్టి చేరాలా? అన్నట్టు, ఫీజెంతన్నావు?

ఆవిడ: (విననట్టు) నిల్వను ప్రైవేటుగా ఉంచాను. బయటివాళ్ళు దాన్ని నేరుగా ముట్టుకోవడానికి వీల్లేదు. వెయ్యాలన్నా తియ్యాలన్నా ఆ పనికని నేను రాసిన ఆదేశాల వరుస, అంటే మెథడ్ ద్వారానే జరగాలి, నిల్వకు మించి అడిగితే అది ఇవ్వదు. మీ కౌంటరుకు ఇనుప జాలీ ఉండేది కదా, అలాగే అనుకోండి.

ఆయన: వోచరేదీ? సంతకమేదీ? నమూనా సంతకంతో పోల్చి చూడకుండా పైసా కదిలించకూడదు. సరే, ఒకడు వచ్చి 'మైనస్ 500 రూపాయలు ఇవ్వండి' అన్నాడనుకో, నీ మెథడ్ ఏం చేస్తుంది?

ఆవిడ: అలా ఎవరడుగుతారండీ?

ఆయన: జాలీ వెనకాల 34 ఏళ్ళు కూర్చున్నవాణ్ణి. జనం ఏమడగరో నాకు తెలియదు గాని, ఏమడుగుతారో బాగా తెలుసు.

(ఆవిడ మీటలు నొక్కారు. వెయ్యి రూపాయల నిల్వ 1,500 అయింది. కొంతసేపు ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించింది.)

ఆవిడ: మైనస్ 500 నిల్వకంటే తక్కువే కాబట్టి సరేనని ఒప్పేసుకుంది. నిల్వలోంచి మైనస్ తీసివేయడమంటే కలపడమే కదా, పెరిగింది.

ఆయన: ఇలాంటి బ్యాంకు మా రోజుల్లో ఉంటే కౌంటరుకు అవతలే నిలబడేవాణ్ణి. ఇంకా పైసలు ఎలా లెక్కపెడుతుందో చూపించు.

ఆవిడ: నిల్వను 'డబుల్' అనే దశాంశ సంఖ్యల రకంగా రాశాను. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంటోంది. దశాంశంలో మనకు సులువుగా కనిపించే 0.1ను యంత్రం సున్నా, ఒకటి మాత్రమే ఉన్న తన లెక్కలో కచ్చితంగా రాయలేదట. అందుకే డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచుకోవాలి, లేకపోతే దశాంశాలను ఉన్నదున్నట్టు లెక్కపెట్టే బిగ్‌డెసిమల్ వాడాలి.

ఆయన: ఒకనాడు పది పైసలు తేడా వచ్చినందుకు రాత్రి తొమ్మిదింటిదాకా లెడ్జర్లు తిరగేశాను, నీకు గుర్తుందా? చల్లారిన ఉప్మా పెట్టి పైగా సాధించావు కూడా. ఎవరు కనిపెట్టారు ఈ పద్ధతిని?

ఆవిడ: డబుల్ సంగతి వేరు. క్లాసులూ ఆబ్జెక్టులూ మాత్రం నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు 1967లో సిములా భాషలో పెట్టారు. ఎదురుచూసే వరుసల వంటివి ఎలా నడుస్తాయో కంప్యూటరులో అనుకరించి చూడడానికి పుట్టిన భాష అది. జావా 1995లో వచ్చింది.

ఆయన: మా కౌంటరు ముందు వరుస చూడడానికి వాళ్ళు కంప్యూటరు కొనడమెందుకు, ఒకటో తారీకున వస్తే కాఫీ కూడా ఇచ్చేవాణ్ణి.

ఆవిడ: ఇటు చూడండి. జావాలో పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. 'నేను' అనే పేరుతో కొత్త ఖాతా ఒకటి తెరిచి 40,000 వేశాను. కింద 'మావారు ఈజ్ ఈక్వల్ టు నేను' అని రాశాను. ఇప్పుడు 'నేను' నుంచి 9,000 తీసి, 'మావారు' నిల్వ ఎంతో అడుగుతున్నాను.

ఆయన: 40,000 ఉంటుంది. నేను రూపాయి కూడా ముట్టుకోలేదు కదా!

(తెర మీద 31,000 కనిపించింది.)

ఆయన: ఇది తప్పు.

ఆవిడ: తప్పు కాదండీ. ఈజ్ ఈక్వల్ టు రాసినందువల్ల రెండో ఖాతా పుట్టలేదు, ఉన్న ఖాతానే చూపించే రెండో పేరు పుట్టింది. ఎవరు తీసినా ఒక్కచోటినుంచే పోతుంది.

ఆయన: ఓహో, ఈదర్ ఆర్ సర్వైవర్! మన జాయింటు ఖాతా ఫారంలో ఆ గడిలో టిక్కు పెట్టింది నేనే... ఆగు. పోయిన నెల ఆ ఖాతాలో ఉన్నది సరిగ్గా 40,000. నీకీ అంకె ఎక్కడిది?

ఆవిడ: ఉదాహరణలు నిత్యజీవితం నుంచి తీసుకొమ్మని మేడం చెప్పారు.

ఆయన: మరి ఆ 9,000?

ఆవిడ: అదీ నిత్యజీవితమే. ఇందాక ఫీజెంతని అడిగారు కదా!

(ఆయన చేతిలోని చిక్కుడుకాయ ఈనెతో సహా గిన్నెలో పడింది.)

ఆవిడ: అలిగింది చాలుగాని, ఆ మైనస్ 500 లాంటివి ఇంకేమేమి ఉంటాయో చెప్పండి. రేపు పొద్దున్నే అప్పగించాలి.

ఆయన: వోచరు రాసి తీసుకురా. సంతకం నమూనాతో సరిపోతే అప్పుడు చూద్దాం.